లక్ష్మివారం

ఉమాపతిగారు ఆ మాట అన్నప్పుడు ఆయన పళ్ళ మధ్య రబ్బరు గొట్టం ఉంది. రెండు చేతుల్లో గాజు గొట్టం తిరుగుతోంది, కాలి కింద తిత్తి ఆడుతోంది. అలాంటప్పుడు ఆయన్ని పలకరించకూడదని రాజలింగానికి తెలుసు. తెలిసే గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి వెళ్ళే హక్కు ఆ సోమవారం అతనికి లేదు.

క్యాంపస్‌లో కెమిస్ట్రీ బిల్డింగు వెనకాల ఆ రేకుల గది ఉంది. పిల్లలు పగలగొట్టుకొచ్చిన ఫ్లాస్కులూ, కండెన్సర్లూ అక్కడ మళ్ళీ ప్రాణం పోసుకుంటాయి. కొత్తవీ తయారవుతాయి. పన్నెండేళ్ళుగా ఆ పని ఉమాపతిగారు ఒక్కరే చేస్తున్నారు. కాకినాడ మనిషి. ఊపిరి చాలడం లేదని ఆయన మొత్తుకోగా మొత్తుకోగా మూడు నెలల కిందట రోజుకూలీ మీద రాజలింగాన్ని ఇచ్చారు. ఆ మూడు నెలలూ శనివారంతో అయిపోయాయి. ఇప్పుడు ఆ పనికి ఖాయమైన ఉద్యోగం మంజూరైంది. పరీక్ష పెట్టి ఒకణ్ణి తీసుకుంటారు. ఎప్పుడో కనుక్కుందామనే వచ్చాడు.

ఉమాపతిగారు గాజుని మంటలోంచి తీసి, బుగ్గ కొంచెం పొంగించి ఊది, పక్కన పెట్టారు. గొట్టాన్ని మాత్రం పళ్ళ మధ్య నుంచి తియ్యలేదు.

"పరీక్ష ఈ లక్ష్మివారం పదింటికి," అన్నారు. "ప్రొఫెసరుగారూ, బయటినుంచి ఇంకో ఇద్దరూ వస్తారు. గొట్టం మధ్యలో ఇంకో గొట్టం అతికించి టీ-జాయింటు చెయ్యమంటారు. నీకదేం లెక్క? కంగారుపడకుండా చెయ్యి, చాలు."

"పిలుపు కార్డు రాలె సార్ నాకు."

"ఎంప్లాయ్‌మెంటు ఎక్స్ఛేంజీలో ఊరి ఎడ్రసు ఇచ్చింది నువ్వే కదటయ్యా! అది జనగామ వెళ్ళి ఎప్పటికొస్తుందో. కార్డు లేకపోయినా పరవాలేదు, లిస్టులో నీ పేరుంది. నా కళ్ళతో చూశాను. నువ్వొస్తే చాలు."

"వస్తా సార్. రాకుంటెట్ల?"

ఉమాపతిగారు మళ్ళీ తిత్తి తొక్కారు. నీలిమంట బుస్సుమని లేచింది. ఆ చప్పుడు రాజలింగానికి ఎంత ఇష్టమో చెప్పలేం. ఆయన తల ఎత్తకుండానే, "ఇక వెళ్ళు, నిన్ను ఇక్కడ చూస్తే ఆఫీసు గుమస్తా రూల్సు మాట్లాడతాడు," అన్నారు. రాజలింగం నవ్వుకుంటూ తార్నాక దారి పట్టాడు.

ఇల్లంటే అక్క అమృతమ్మ ఇల్లు. రెండు గదులు. బావ పోచయ్య రైల్వేలో ఖలాసీ. ఒళ్ళంతా నూనె వాసన, నోరంతా ఎకసెక్కం. రాజలింగం కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడో లేదో మొదలుపెట్టాడు.

"కిరాణం దుకాణంల ఆర్నెల్లు జేసినవ్. ప్రెస్సుల అచ్చరాలు పేర్సినవ్. టైపు నేర్సుకుంట అన్నవ్, మిషిన్ చప్పుడుకు తల నొస్తున్నదన్నవ్. సైకిల్ దుకాణం, లాండ్రి. ఇగ ఏమన్న మిగిలినయారా బామ్మర్ది, తార్నాకల?"

"మిగల్లె బావా. గీ గాజు పని ఒక్కటే."

"గిదన్న మనసున పడ్డదా?"

"పడ్డది."

అతను అంత సూటిగా ఒప్పుకుంటాడని పోచయ్య అనుకోలేదు. ఆ మాట నిజం. ఇంతవరకు రాజలింగాన్ని ఎవరూ ఏ పనిలోంచీ తీసెయ్యలేదు. అతనే మానేసేవాడు. నాలుగు రోజులు పోయేసరికి చేతులకి పని వచ్చేసేది, మనసు పోయి గుమ్మంలో కూర్చునేది. ఎప్పుడు పొద్దు గూకుతుందా అని చూసేది. నిలకడ లేనివాడని పేరు పడింది. తనలో ఏదో లోపం ఉందని అతనూ నమ్మాడు. కానీ ఆ రేకుల గదిలో రెండో వారమే ఒక రోజు మధ్యాహ్నం గంట కొట్టిన సంగతి తెలియలేదు. అన్నం గిన్నె మూత తియ్యకుండానే సాయంత్రమైంది. ఇరవై నాలుగేళ్ళు వచ్చాక తనకీ ఒక పని ఉందని తెలిస్తే ఎంత సంబరమో పోచయ్యకి చెప్పడం ఎలాగో అతనికి తెలియదు.

"ఎన్నడట పరీచ్ఛ?" అంది అమృతమ్మ, జొన్నరొట్టె కాలుస్తూ.

"లక్ష్మివారమట అక్కా."

"లక్ష్మివారమేంది?"

రాజలింగం ఒక్క క్షణం ఆలోచించాడు. ఆలోచించడానికేముంది? అక్క వారం వారం లక్ష్మీదేవి పటానికి దీపం పెట్టేది శుక్రవారమే. గోడ మీద ఆ పటం ఎదురుగానే ఉంది.

"సుక్రారం," అన్నాడు. "ఆంధ్రోళ్ళు గట్లంటరేమో."

"భక్తి గల్లోళ్ళు," అన్నాడు పోచయ్య.

"మంచిదినమే. లచ్చిమి దినం," అంది అమృతమ్మ, రొట్టె తిప్పేస్తూ. ముగ్గురిలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

మంగళవారం నుంచి ఖాళీగా కూర్చోవడం దేనికని రాజలింగం మెయిన్ రోడ్డు మీద లచ్చయ్య టైలరు దుకాణంలో కాజాలు కుట్టడానికి వెళ్ళాడు. శుక్రవారం దాకా అని ముందే చెప్పి కూర్చున్నాడు. లచ్చయ్య పెద్దమనిషి, మాట తక్కువ. సాయంత్రానికి రాజలింగం కుట్టిన కాజాల్ని వేలితో తడిమి చూసి, "చెయ్యి మంచిగున్నది నీది. గీడనే ఉండిపోరాదు," అన్నాడు.

"ఉండ కాకా. నాకు నౌకరి అయితున్నది."

చొక్కా అంచు పట్టుకున్నా అతని చేతులు గాజునే తిప్పుతున్నాయి. ఎడమచెయ్యి ఎంత తిరిగితే కుడిచెయ్యి అంతే తిరగాలి. ఒక వెంట్రుకవాసి తేడా వచ్చినా మెత్తబడ్డ గాజు మెలిపడిపోతుంది. మొదటి నెలంతా అతను మెలిపెట్టిన గొట్టాలన్నీ ఒక డబ్బాలో వేసి, "ఇవి నీ జిలేబీలు," అనేవారు ఉమాపతిగారు. రెండో నెలలో డబ్బా నిండడం ఆగిపోయింది. ఆయన ఏమీ అనలేదు. ఒక రోజు ఆ డబ్బాని బయట పారబోయించారు, అంతే. రాజలింగానికి అంతకంటే పెద్ద మెప్పు ఎవరూ ఇవ్వలేదు.

గురువారం పది దాటాక క్యాంపస్ అటెండరు వెంకటస్వామి సైకిలు మీద వచ్చి రోడ్డుకి అవతల బేకరీ ముందు దిగాడు. బిస్కెట్ల పొట్లం కొనుక్కుని హాండిలుకి తగిలించుకుంటూ ఇటు చూశాడు. కాజాలు కుడుతున్న రాజలింగాన్ని చూసి ఆశ్చర్యపోయినట్టు చెయ్యెత్తాడు.

"ఏందివయా, వస్తలేవా?" అని కేకేశాడు.

"రేపొస్తా!" అన్నాడు రాజలింగం, సూదీ దారం పట్టుకున్న చేతినే ఎత్తి.

వెంకటస్వామి ఇంకేదో అన్నాడు. మధ్యలోకి బస్సొచ్చింది. బస్సు పోయేసరికి అతను సైకిలెక్కి క్యాంపస్ వైపు వెళ్ళిపోతున్నాడు, ఆలస్యమైనవాడిలా. ఆ బిస్కెట్లు ఎవరికని రాజలింగం అనుకోలేదు. అనుకుంటే ఇంకా సమయం ఉంది, పరుగెత్తుకుపోతే పావుగంట దారి. అతను తల వంచుకుని తరువాతి కాజా మొదలుపెట్టాడు.

శుక్రవారం తెల్లవారుతూనే అమృతమ్మ తలంటి పోసింది. ఉతికి మడత పెట్టిన చొక్కా తీసిచ్చింది. దీపం పెట్టి, కుంకుమ బొట్టు పెట్టింది. పోచయ్య కూడా ఆ రోజు ఎకసెక్కం మానుకుని, "నిమ్మలంగ జెయ్యి," అన్నాడు. తొమ్మిదిన్నరకే రాజలింగం రేకుల గది దగ్గరున్నాడు.

లోపల తన స్టూలు మీద ఎవరో కూర్చున్నారు.

ముప్పై ఏళ్ళుంటాయి. ఎండిన బుగ్గలు. మంట వెలుగు కొట్టకుండా పెట్టుకునే నీలం కళ్ళద్దాలు ముక్కు మీద నుంచి జారిపోతుంటే భుజంతో తోసుకుంటున్నాడు. పరీక్షకి వచ్చిన ఇంకో మనిషి కాబోలు, ముందే వచ్చి చెయ్యి ఆడిస్తున్నాడనుకున్నాడు రాజలింగం. నవ్వాడు. ఆ మనిషి కూడా నవ్వాడు. ఉమాపతిగారు మాత్రం నవ్వలేదు.

"ఇప్పుడా వచ్చేది?" అన్నారు.

"పదింటికి గద సార్? ఇంక అర్ధగంట ఉన్నది."

"నిన్నంతా ఏమయ్యావు?"

"నిన్ననా?"

"నీ కోసం పన్నెండు దాకా ఆపించాను వాళ్ళని. వెంకటస్వామి వచ్చి, టైలరు షాపులో కూర్చున్నాడు, రేపొస్తాడట అని చెప్పాడు. అందరి ముందూ. బయటినుంచి వచ్చినాయన నవ్వాడయ్యా. మన వీలు కాదు, అతని వీలు చూసుకుని పెట్టాల్సింది పరీక్ష అన్నాడు. నేనేం మాట్లాడను? వీడు ఎప్పట్లాగే ఇంకో పనికి పోయాడు కాబోలు అనుకున్నాను. నిన్న రాత్రి అన్నం సయించలేదు నాకు."

రాజలింగానికి ఇంకా అర్థం కాలేదు.

"సుక్రారమన్నరు గద సార్ మీరు."

"నేనెప్పుడన్నాను శుక్రవారమని? లక్ష్మివారం అన్నాను."

"లక్ష్మివారమంటే సుక్రారమే గద సార్. లక్ష్మికి దీపం పెట్టే దినం."

ఉమాపతిగారి కాలు తిత్తి మీద ఆగిపోయింది. నీలిమంట పసుపు రంగుకి తిరిగి, కుంగి, ఆరింది. ఆయన రాజలింగం నుదుటి మీద బొట్టు చూశారు, చొక్కా మడతలు చూశారు.

"గురువారమయ్యా," అన్నారు నెమ్మదిగా. "మా వైపు గురువారాన్ని లక్ష్మివారం అంటాం. మీరేవంటారు?"

"బేస్తారం," అన్నాడు స్టూలు మీద మనిషి, రాజలింగం కంటే ముందే.

ఉమాపతిగారు ఆ పేరు వినని మనిషిలా అతని వైపు చూశారు. పన్నెండేళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నారు. ఇంట్లో భార్య కామాక్షిగారితో, బయట ఆఫీసు కాగితాలతో, గదిలో గాజుతో సరిపోయింది. ఏ వారాన్ని ఇక్కడివాళ్ళు ఏమంటారో తెలుసుకోవలసిన అవసరం రాలేదు. ఆయన లేచి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా ప్రొఫెసరుగారి గది వైపు వెళ్ళారు.

స్టూలు మీద మనిషి కళ్ళద్దాలు తీశాడు. పేరు వెంకటనర్సయ్య అనీ, ఉండేది గోల్నాక అనీ, మందుల ఫ్యాక్టరీలో ఇంజక్షన్ సీసాల మూతులు మంట మీద కరిగించి మూసే పని చేశాననీ, అది మూతపడి ఏడాదైందనీ, నిన్న పరీక్షకి వచ్చింది నేనొక్కణ్ణే కాబట్టి జాయింటు కుదరకపోయినా నన్నే తీసుకున్నారనీ చెప్పాడు. అడగకుండానే చెప్పాడు. తప్పు తనది కాకపోయినా తప్పు చేసినవాడిలా చెప్పాడు.

"ఇక్కడ పనిజేసింది నువ్వే అని నాకు తెల్వదన్నా," అన్నాడు.

"నువ్వేం జేస్తవ్?" అన్నాడు రాజలింగం. నిజంగానే అతని మీద కోపం రాలేదు. ఎవరి మీదైనా వస్తే బాగుండునని మాత్రం అనిపించింది.

ఉమాపతిగారు పావుగంటకి తిరిగొచ్చారు. "అంతా చెప్పాను," అన్నారు. "ఆయన విన్నారు. మంచివాడే. మీరన్నది నిజమే అయుండొచ్చు, కానీ కాగితం మీద గురువారం అనే ఉందిగా అన్నారు. నిన్న సాయంత్రమే ఫైలు పంపేశారట. సంతకాలైపోయాయి." ఆయన కూర్చున్నారు. ఊపిరి ఆడక ఛాతీ ఎగిరిపడుతోంది. "కాగితం మీద గురువారమే ఉంది, లింగం. నా నోట్లోనే తేడా."

అలాంటప్పుడు చెయ్యడానికి పని ఒకటి ఉండడం నయం. ఉమాపతిగారు మంట వెలిగించి, వెంకటనర్సయ్య చేతికి గొట్టం ఇచ్చి టీ-జాయింటు చెయ్యమన్నారు. అతను గొట్టం మధ్యలో ఎర్రబడేదాకా కాల్చి, మంటలో ఉండగానే ఊదాడు. గాజు పలచగా పొంగి ఫట్టుమని చిట్లింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే. సీసాల మూతులు మూసిన చేతికి మూయడం వచ్చు, తెరవడం రాదు. మూడోసారి చిట్లాక అతను చెమట తుడుచుకుని రాజలింగం వైపు చూశాడు.

"చూపించు లింగం," అన్నారు ఉమాపతిగారు. అనేసి, అనకూడని మాటేమో అన్నట్టు కళ్ళు దించుకున్నారు.

రాజలింగం స్టూలు మీద కూర్చున్నాడు. కొత్త గొట్టం తీసుకున్నాడు. ఒక చివర బెండు బిరడా బిగించి, రెండో చివర రబ్బరు తొడిగి, పళ్ళ మధ్య పట్టుకున్నాడు. ముందు పెద్దమంటలో తిప్పి గాజుకి వేడి అలవాటు చేశాడు. తర్వాత మంటని సన్నం చేసి మధ్యలో ఒకచోటే తగిలించాడు. పప్పుగింజంత మేర ఎర్రబడి, తెల్లబడి, వణికింది. మంటలోంచి తీశాడు. అప్పుడు ఊదాడు, చంటిపిల్ల కంట్లో నలుసు ఊదినట్టు. చిన్న బుడగ లేచింది. దాన్ని మళ్ళీ కాల్చి ఒక్క ఊపిరితో పగలగొట్టి, అంచులు గుండ్రంగా కరగనిచ్చి, రెండో గొట్టం తెచ్చి ఆనించాడు. రెండూ అంటుకున్నాయి. కొంచెం లాగాడు, కొంచెం ఊదాడు. అతుకు ఎక్కడుందో కనబడకుండా పోయింది.

అంతసేపూ అతనికి వారం ఏదో గుర్తు లేదు. ఉద్యోగం లేదన్న సంగతీ గుర్తు లేదు. చివరికి పసుపుమంటలో తిప్పుతూ, గాజు మీద మసి పట్టేటప్పుడు మెల్లమెల్లగా గుర్తొచ్చింది.

"మంటల ఉండంగ ఊదొద్దు," అన్నాడు వెంకటనర్సయ్యతో. "తీసినంక ఊదు. అయినంక గిట్ల మసి పట్టేదాంక తిప్పాలె. ఒక్కసారే సల్లారితే రేపటికి పగుల్తది."

వెంకటనర్సయ్య తల ఊపాడు. రాజలింగం కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, అతని చేతికిచ్చాడు.

సాయంత్రానికి ఈ సంగతి తార్నాకంతా తెలిసింది. పోచయ్య నోరు అలాంటిది. ఆ డిసెంబరులో క్యాంపస్‌లో ఏ ఇద్దరు కలిసినా మన ఉద్యోగాలు, మన హక్కులు, ఇక్కడివాళ్ళకే ఇక్కడి ఉద్యోగాలనే ముల్కీ రూల్సు అన్న మాటలే. ఏ మాట ఎక్కడ అంటుకుంటుందా అన్నట్టుండేది. రాజలింగం ఊరివాడే ఇన్నయ్య, హాస్టల్లో ఉండి ఎం.ఏ. చదువుతున్నాడు. నలుగురు దోస్తుల్ని వెంటేసుకుని ఇరానీ హోటలుకి వచ్చి రాజలింగాన్ని పిలిపించాడు. చాయ్ రాకముందే కాగితం తీశాడు.

"ముల్కీ పిలగాడు, మూడు నెల్లు గదే పని జేసినోడు. పరీక్ష దినం తప్పు చెప్పి ఎల్లగొట్టిన్రు. గింతకన్న ఏం గావాలె? దస్తఖత్ పెట్టు. రేపటికి వైస్-ఛాన్సలర్ టేబుల్ మీదుంటది. పరీక్ష మళ్ళ పెట్టిస్త."

"మళ్ళ పెడ్తరా?"

"పెట్టకుంటె ఊకుంటమా?"

రాజలింగం కాగితం చదివాడు. కావాలని తప్పు రోజు చెప్పి మోసం చేసినారు అని ఉంది. కింద ఉమాపతిగారి పేరు, మూడుసార్లు.

"కావాల్నని కాదన్నా," అన్నాడు. "మాట తేడా. వాళ్ళ దిక్కు బేస్తారాన్ని లక్ష్మివారమంటరట."

"నీకు జెప్పినోడు ఎవడు?"

"సారే చెప్పిండు."

ఇన్నయ్య నవ్వాడు. మిగతావాళ్ళూ నవ్వారు. రాజలింగానికి ఏడుపొచ్చింది. మాట తేడా అని రాస్తే ఎవరూ తిరిగి చూడరు. మోసం అని రాస్తే పరీక్ష మళ్ళీ పెడతారు. ఆ స్టూలు, ఆ నీలిమంట, గంట కొట్టినా వినపడని ఆ మధ్యాహ్నాలు తిరిగొస్తాయి. ఒక్క మాట మారితే పోయిన ఉద్యోగం, ఒక్క మాట మారిస్తే వస్తుంది.

"సార్‌కు ఏమయితది?" అన్నాడు.

"ఎంక్వైరీ అయితది. కాకినాడ పోతడు, ఇంకేమయితది?"

చాయ్ వచ్చింది. చల్లారింది. రాజలింగం పెన్ను తీసుకున్నాడు. తీసుకోలేదని చెబితే బాగుండేది, కానీ తీసుకున్నాడు. 'రాజ' అని రాశాడు.

"ఇంతకు ఆ నౌకరి ఏ ఆంధ్రోనికిచ్చిన్రు? పేరు రాయాలె," అన్నాడు ఇన్నయ్య.

"ఆంధ్రోడు కాదు. వెంకటనర్సయ్య. గోల్నాక."

"గోల్నాకనా? ముల్కీయేనా?"

"ఆఁ. మనోడే."

ఇన్నయ్య దోస్తుల వైపు చూశాడు. ఒకడు చాయ్ సాసర్లో పోసుకున్నాడు. ఇన్నయ్య కాగితం అతని చేతి కింద నుంచి మెల్లగా లాక్కుని, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"మరి మనోనికే అయింది గద," అన్నాడు. "గింక లొల్లి దేనికి?" రాజలింగం భుజం తట్టాడు. చాయ్‌ల డబ్బులు తనే ఇచ్చాడు. వాళ్ళు మౌలాలి వైపు ఏదో మీటింగుందని లేచి వెళ్ళిపోయారు.

రాజలింగం పెన్ను పట్టుకునే ఉండిపోయాడు. అది ఇన్నయ్య పెన్ను, తిరిగి అడిగి తీసుకోవడం అతను మరిచిపోయాడు. తన నష్టం ఎవరి లెక్కలోకీ రాదని అప్పుడు తెలిసింది. అంతకన్నా చిన్న సంగతి ఒకటి గుచ్చుకుంది. ఆ కాగితం మీద 'రాజ' అని తన చేత్తో రాసింది ఉంది, ఇన్నయ్య జేబులో. అది చింపేస్తాడో, ఉంచుకుంటాడో.

శనివారం పదకొండింటికి ఉమాపతిగారు లచ్చయ్య దుకాణానికి వచ్చారు. చంకలో ఒక గుడ్డ. ఎప్పుడో కొని పెట్టెలో పెట్టుంటారు, మడతల దగ్గర పసుపుపచ్చగా ఉంది. రాజలింగం బొత్తాలు కుడుతూ లేచి నిలబడ్డాడు.

"కూర్చో, కూర్చో," అన్నారు ఆయన. "చొక్కా కుట్టించుకుందామని." ఒక నిమిషమాగి, "కాకినాడలో కుట్టించుకుంటాను మామూలుగా," అని, అది ఎందుకు చెప్పారో తెలియనట్టు ఆగిపోయారు.

లచ్చయ్య టేపు తీసి ఛాతీ, భుజం, చెయ్యి కొలుస్తూ అంకెలు చెప్పాడు. రాజలింగం రాసుకున్నాడు. ఛాతీ కొలత చెప్పినప్పుడు ఉమాపతిగారు ఊపిరి బిగబట్టారు, అలవాటుగా. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా ఉండడానికి చాలా కష్టపడ్డారు.

"మీ ఊరి నుంచి కార్డు వచ్చిందా?" అన్నారు చివరికి.

"ఇయ్యాల పొద్దుగాల వచ్చింది సార్."

"ఏవనుంది?"

"గురువారమనే ఉన్నది."

ఆయన తల ఊపారు. ఇంకేదో చెప్పాలని వచ్చిన మనిషి. చెప్పలేక గుడ్డ అంచు నిమిరారు. రాజలింగం ఆ కాగితం మీద సగం పేరు రాసిన సంగతి ఆయనకి తెలియదు. చెప్పేస్తే తన బరువు దిగుతుంది, ఆయన బరువు పెరుగుతుంది. రాజలింగం నోరు మూసుకున్నాడు.

"ఎప్పటికిస్తారు?" అని అడిగారు ఉమాపతిగారు.

లచ్చయ్య పళ్ళ మధ్య దారప్పోగు ఉంది. అది తియ్యకుండానే, "బేస్తారం," అన్నాడు.

ఉమాపతిగారికి ఆ మాట అందలేదు. నిన్న విన్న మాటే, నోటి చివర దారంతో నలిగి వచ్చేసరికి గుర్తు పట్టలేక రాజలింగం మొహంలోకి చూశారు. మొన్న సోమవారం నాడు తను గుమ్మంలో నిలబడి ఆయన మొహంలోకి అలా చూసి అడిగి ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాడు రాజలింగం. అడగలేదు. అంతా తెలిసినట్టే తల ఊపి వెళ్ళాడు.

"లక్ష్మివారం ఇస్తం సార్," అన్నాడు.

ఉమాపతిగారు కండువాతో మొహం తుడుచుకున్నారు.

"ఏ వేళప్పుడు రమ్మంటావు?"

"ఎప్పుడొచ్చినా గీడనే ఉంట సార్," అని రాజలింగం చీటీ చింపి ఆయనకిచ్చాడు.